ఎర్ర అక్షరం పడనివ్వని మనిషి

మా ఆయనకి "తెలీదు" అనడం రాదు. "కుదరదు", "లేదు", "నన్నడక్కండి" అనే మాటలు కూడా రావు. ఈ లోపం సంగతి పెళ్లికి ముందు మాకెవరూ చెప్పలేదు. రోడ్డు మీద ఎవరైనా ఆపి ఫలానా వీధి ఎటని అడిగితే చాలు, ఆ వీధి పేరు జన్మలో విని ఉండకపోయినా సరే, "ఇలా నేరుగా వెళ్లి ఎడమవైపు తిరగండి" అని చెయ్యి చాపి మరీ చెప్తాడు. అడిగిన మనిషి దండం పెట్టి వెళ్లిపోతాడు. మా ఆయన ఏదో పుణ్యకార్యం చేసినట్టు ఇంటికొస్తాడు. ఆ మనిషి వెళ్లి ఏ గోడకి గుద్దుకున్నాడో మాత్రం మాకు ఇంతవరకూ కబురు రాలేదు.

ఇలాంటి మనిషికి దేవుడు వెతికి వెతికి ఇచ్చిన ఉద్యోగం ఏమిటంటే, జనం అడిగే ప్రశ్నల్ని సరైన చోటికి చేర్చడం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. "వెబ్ సర్వీస్ క్లయింట్ రాస్తున్నాను" అంటాడు. అడిగే ప్రోగ్రాంని క్లయింట్ అంటారట, జవాబు చెప్పేదాన్ని సర్వీస్ అంటారట. ఎవరి ఫోన్లోంచి ఏ ప్రశ్న వచ్చినా, అది ఎక్కడికి చేరాలో చూసి, ఆ దారిన పంపి, వచ్చిన జవాబు పట్టుకొచ్చి అడిగినవాడి చేతిలో పెట్టాలి.

"అంటే పోస్ట్‌మాన్ పనే కదా," అన్నాను ఒకసారి.

"పోస్ట్‌మాన్ ఏమిటి? ఏ ఉత్తరం ఎటు పోవాలో తేల్చేది నేనే," అన్నాడు ఛాతీ విరుచుకుని.

ఆయన ఇంటి దగ్గర పనిచేసే చోటు మా వంటింటి పక్క బాల్కనీ. వాషింగ్ మెషీన్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఎత్తు స్టూలు మీద కూర్చుంటాడు. బట్టలు పిండే వేళకి లాప్‌టాప్‌తో పాటు ఆయన కూడా వణుకుతూ ఉంటాడు. అయినా ఒక్కరోజు "ఇక్కడ కుదరట్లేదు" అనలేదు. అనడం వస్తేగా.

నేను చెప్పుల షాపులో, కొన్న చెప్పులు వాపసు తీసుకునే కౌంటర్లో కూర్చుంటాను. ఎదురుగా నిలబడి తిట్టేవాళ్లతోనే నాకు పొద్దు గడుస్తుంది. కాబట్టి "కుదరదండీ" అనడం నాకు చాలా బాగా వచ్చు. ఆ మాట వచ్చినవాళ్లు ఇంటికి ఒక్కరైనా లేకపోతే కొంప గడవదు.

మా ఇంట్లో మూడో మనిషి మా మామగారు. బస్సు డిపోలో టైంకీపర్‌గా చేసి దిగిపోయారు. ఆయన దగ్గర మాటలు తక్కువ. ఉన్న ఆ కాసిని మాటలూ పుల్ల విరిచినట్టు ఉంటాయి. కాఫీ బాగుందా మామయ్యా అంటే, "నిన్న బాగుంది" అంటారు. మెచ్చుకున్నారో తిట్టారో తేల్చుకునేలోపు కప్పు కడగడానికి వచ్చేస్తుంది.

నాలుగో మనిషి ఉండీ లేనట్టు. మా ఆయనకి అక్క, నాకు వదిన. ఇదే ఊళ్లో అటు చివర ఉంటుంది. డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద కూడా ఒక బ్రేకు పెట్టుకుని, ఎదుటివాడి ప్రాణం కాపాడే మనిషి. నాలుగేళ్లుగా తండ్రికీ ఆవిడకీ మాటల్లేవు.

కారణం చిన్నదేమీ కాదు. మా అత్తగారికి గుండె జబ్బు. ఆపరేషన్ ఇప్పుడొద్దు, మందులతో చూద్దాం అన్నారు మామగారు. ఆలస్యం చేస్తే ప్రమాదం అంది వదిన. నచ్చజెప్పింది, అందరినీ ఒప్పించింది, తల్లి చెయ్యి పట్టుకుని తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆపరేషన్ గదిలోకి వెళ్లిన అత్తగారు మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ గది బయటి వసారాలో, నర్సులూ చుట్టాలూ చూస్తుండగా, మామగారు కూతురితో ఒకే మాట అన్నారు. "నువ్వే చంపావు మీ అమ్మని." వదిన బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

అప్పటినుంచీ ఆ ఇద్దరి మధ్యా దారి మా ఆయనే. ఇది ఆఫీసు పని కంటే శ్రద్ధగా చేశాడని నేనే సాక్ష్యం చెప్తాను.

"దానితో నాకు మాటల్లేవని చెప్పు," అంటారు మామగారు వరండాలో కూర్చుని. మా ఆయన ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, "నాన్నకి కొంచెం నలతగా ఉందక్కా, తర్వాత మాట్లాడతానన్నారు," అంటాడు. అవతల వదిన ఏం అంటుందో నాకు వినబడదు గానీ, ఆవిడ కూడా తండ్రి కూతురే, పూలు చల్లి ఉండదు. మా ఆయన తిరిగొచ్చి, "మీ ఆరోగ్యం జాగ్రత్తట నాన్నా," అంటాడు.

"ఎందుకండీ ఈ పులుముడు?" అని ఒకరోజు నిలదీశాను. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిట్టుకుంటే తిట్టుకుంటారు. తిట్టుకోవాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా."

"నువ్వూరుకో. ఏదో ఒక జవాబు వెళ్తూ ఉండాలి. జవాబు ఆగితే బంధం తెగిపోతుంది," అన్నాడు. గోడకి చెప్పినా ఇంతకంటే నయం, గోడ ఎదురు చెప్పదు.

ఇక ఆఫీసు సంగతి. ఊరంతా శాఖలున్న ఒక కంటి ఆసుపత్రికి వీళ్ల కంపెనీ ఫోన్ యాప్ చేస్తోంది. జనం యాప్‌లో అపాయింట్‌మెంట్ అడుగుతారు. కళ్లజోడు కావాలన్నవాళ్ల ప్రశ్న ఒక శాఖకి, శుక్లాలున్నవాళ్లది ఇంకో శాఖకి, పిల్లలది వేరే శాఖకి వెళ్లాలి. అక్కడున్న సర్వీస్ ఖాళీ చూసి టైం చెప్తుంది. ఆ దారులన్నీ వేసేది మా ఆయన. అవతలి సర్వీస్ ఇంకా తయారుకాలేదు కాబట్టి, తన పని ఆగకుండా ఒక డమ్మీ సర్వీస్ పెట్టుకున్నాడు. దానికి ఆలోచన ఉండదు. ఎవరేమడిగినా ఒకటే పాట: "మీ అపాయింట్‌మెంట్ ఖరారైంది. రేపు ఉదయం పది గంటలకు ప్రధాన శాఖకు రండి."

ఇందులో తప్పేమీ లేదట. అందరూ అలాగే చేస్తారట. తప్పల్లా ఆ తర్వాతే జరిగింది.

వీళ్ల మేనేజర్‌ని ఆఫీసులో అందరూ పచ్చలైటు అని పిలుస్తారు. ఆయన గదిలో గోడకి పెద్ద తెర ఉంటుంది. వెళ్లిన ప్రతి ప్రశ్నకీ జవాబొస్తే తెర మీద పచ్చ గీత, రాకపోతే ఎర్ర అక్షరాలు. ఎర్ర అక్షరం కనబడితే ఆయనకి జ్వరం వస్తుంది, ఆ జ్వరం కింద ఉన్నవాళ్లందరికీ అంటుకుంటుంది. పై అధికారులకి యాప్ చూపించే రోజున అసలు సర్వీస్ మొరాయిస్తుందేమోనని మా ఆయనకి భయం పట్టుకుంది. అందుకని ఒక నియమం రాశాడు: అసలు సర్వీస్ వెంటనే పలక్కపోతే, దారి డమ్మీకి మళ్లించు.

ఆ సంగతి అన్నం తింటూ గొప్పగా చెప్పాడు.

"పలక్కపోతే పలకలేదని చెప్పొచ్చుగా?" అన్నాను.

"అలా చెప్తే ఎర్రగా వస్తుంది."

"రానీండి. నిజం కదా."

"నీకు అర్థం కాదులే. చూపించడం అయ్యాక తీసేస్తాను."

చూపించడం అయింది. తెరంతా పచ్చగా, పచ్చిక మైదానంలా కనబడిందట. పచ్చలైటు స్వయంగా వచ్చి మా ఆయన భుజం తట్టాడట. భుజం తట్టించుకున్న మనిషికి నియమం తీసేయాలన్న సంగతి ఎక్కడ గుర్తుంటుంది? ఇంటికి కేకు పట్టుకొచ్చాడు. మామగారు ఒక ముక్క తిని, "మెత్తగా ఉంది" అన్నారు. ఆయన లెక్కలో అది సన్మానపత్రం.

ఈ లోపు మామగారి కళ్లు బాగా మసకబారాయి. గ్లాసులో పోసిన నీళ్లు బల్ల మీద పడుతున్నాయి. తలుపు తీసి ఎదుటింటాయనని నేననుకుని, "అమ్మాయ్, పాలు కాగాయా?" అన్నారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి, ఆపరేషన్ చేయకపోతే చూపు పోతుందని వీధి చివర డాక్టరు ముందే చెప్పాడు. మామగారు ఆ మాట అక్కడే తెంపేశారు.

"ఆపరేషన్ అన్న మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు. చూపు పోతే పోనీ."

చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఎవరు చెప్పినా, "నాకు చెప్పే హక్కు మీకెవరికీ లేదు" అనేవారు. మనిషి మొండివాడని తిట్టుకున్నాను. ఆయన మనసులో ఏముందో ఊహించే తెలివి నాకు లేకపోయింది.

ఎలాగైతేనేం, ఒట్టి పరీక్షకి ఒప్పుకున్నారు. మా ఆయనకి పట్టరాని ఉత్సాహం వచ్చింది. యాప్ ఆ రోజే జనంలోకి వదిలారు. "నేనేసిన దారిలోనే నాన్నకి అపాయింట్‌మెంట్ తీసుకుంటాను," అని సోఫాలో కూర్చుని ఫోన్ నొక్కాడు. ఇలా నొక్కాడో లేదో జవాబొచ్చింది. రేపు ఉదయం పది గంటలకు, ప్రధాన శాఖ.

"చూశావా! ఊళ్లో పెద్ద డాక్టరు, రేపే ఇచ్చాడు," అని నాకు చూపించాడు.

ఆ జవాబు ఎక్కడో విన్నట్టుందే అని నాకు అనిపించకపోలేదు. కానీ పొయ్యి మీద కూర మాడుతోంది, ఆ ఆలోచన దానితోనే మాడిపోయింది.

మా ఆయన అంతటితో ఆగలేదు. బాల్కనీలోకి వెళ్లి అక్కకి ఫోన్ చేశాడు. వచ్చి, "నాన్నా, అక్క రేపు ఆసుపత్రికి తోడు వస్తానంది," అన్నాడు. మామగారు వద్దనలేదు. చేతికర్ర ఒకసారి గోడకి ఆనించి, మళ్లీ తీసి, మళ్లీ ఆనించారు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది.

మర్నాడు ఆసుపత్రి గుమ్మంలోకి వెళ్లేసరికి ఇసకేస్తే రాలనంత జనం. కళ్లద్దాలవాళ్లు, కంటికి కట్టు కట్టుకున్నవాళ్లు, చంకన బిడ్డలతో తల్లులు. ప్రతివాళ్ల చేతిలోనూ ఫోను, ప్రతి ఫోన్లోనూ పది గంటలు. రిసెప్షన్లో అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడి, "పది గంటలకి ఒక్కరే అండీ, ఒక్కరే!" అని అరుస్తోంది. "ఆ ఒక్కడిని నేనే!" అని జనమంతా ఒకే గొంతుతో అరిచారు. అసలు సర్వీస్ నిన్న పొద్దుటే జనం తాకిడికి కూలబడిందట. అది పడిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు, దాని బదులు డమ్మీయే అందరికీ పది గంటలు పంచేసింది. పచ్చలైటు గదిలో తెర నిన్నంతా నిగనిగలాడుతూనే ఉందట.

మా ఆయన ముఖం చూడాలి. సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఫోన్ మోగింది. అవతల పచ్చలైటు అగ్గి మీద గుగ్గిలం అవుతున్నాడు. "సార్, వచ్చేశాను సార్, ఇక్కడే ఉన్నాను సార్, అయిపోతుంది సార్," అంటూ లాప్‌టాప్ సంచీ కౌగిలించుకుని లోపల కంప్యూటర్ల గదిలోకి పరుగెత్తాడు. పోతూ పోతూ నాతో, "అక్క వస్తే నేనొచ్చేదాకా ఆపు. నేను లేకుండా ఇద్దరినీ మాట్లాడనీయకు," అన్నాడు.

అప్పుడు నాకు అనుమానం తగిలింది.

ఆపడానికి నాకు టైమెక్కడిది? మామగారిని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు పట్టుకొచ్చేసరికి వదిన ఆయన పక్కనే కూర్చుని ఉంది. మామగారికి పక్కన ఒక ఆకారం తప్ప ఏమీ కనబడట్లేదు.

"నీకూ పదింటికేనా అమ్మా?" అని అడుగుతున్నారు మర్యాదగా.

వదిన ఆయన వైపు కాస్త జరిగింది. "నేను నాన్నా," అంది.

మామగారి చేతిలో కర్ర జారి కింద పడింది. నేను వంగి తీసి ఇచ్చాను. ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

"వచ్చావా," అన్నారు ఆయన.

"నువ్వు పిలిస్తే రానా నాన్నా? ఆ మాట వెనక్కి తీసుకున్నావని తమ్ముడు చెప్పిన రోజే వచ్చేద్దామనుకున్నాను. నువ్వే పిలవాలని పంతం పట్టాను. నిన్న పిలిచావని చెప్పాడు, వచ్చేశాను."

మామగారు కళ్లు చికిలించి ఆవిడ వైపు చూశారు. "నేనా? నేనెవర్నీ పిలవలేదే. నువ్వే వస్తానన్నావని వాడు చెప్పాడు."

"నేనలా అనలేదు," అంది వదిన.

"తప్పు నాదే, నాన్న మాట వినాల్సింది అని వాడితో అన్నావట కదా?"

"నేనా?" వదిన గొంతు మారిపోయింది. "జన్మలో అనను. అమ్మ బతకాలని తీసుకెళ్లాను. మరి నువ్వు... ఆ మాట వెనక్కి తీసుకున్నానని చెప్పలేదా?"

మామగారికి అబద్ధం రాదు. ఆ క్షణంలో ఆయనకి అది వచ్చుంటే బాగుండునని నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

"లేదు," అన్నారు.

నా మొగుడి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మాటలు కాస్త తీపి చేసి చెప్తున్నాడనుకున్నాను గానీ, ఇద్దరి తరఫునా తనే కూర్చుని జవాబులు పుట్టిస్తున్నాడని అనుకోలేదు. ఈ తండ్రీ కూతుళ్లు ఇన్నాళ్లూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోలేదు. బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన నిలబడ్డ మా ఆయనతో మాట్లాడారు. తండ్రి క్షమించాడన్న నమ్మకంతో ఆ కూతురు నిద్రపోయింది. కూతురు ఒప్పుకుందన్న నమ్మకంతో ఈ తండ్రి నిద్రపోయాడు. అంతా పచ్చగానే ఉంది మరి.

వదిన లేచి నిలబడింది. బ్యాగు భుజాన వేసుకుంది. "వదినా," అన్నాను. రోజంతా తిట్లు తినే కౌంటర్లో కూర్చుంటాను, అయినా ఆ మనిషిని ఆపే మాట ఒక్కటి కూడా నోటికి రాలేదు.

ఆవిడ ఉందో వెళ్లిపోయిందో మామగారికి తెలియట్లేదు. ఆవిడ లేచిన ఖాళీ చోటు వైపే తిరిగి, ఎవరితోనో అన్నట్టు మొదలుపెట్టారు.

"ఆపరేషన్ చేయించుకోవాలంటున్నారు. వీధి చివర డాక్టరు చెప్పాడు, కోడలు చెప్పింది, వాడు చెప్పాడు. మీకెవరికీ చెప్పే హక్కు లేదన్నాను." కర్ర మీద రెండు చేతులూ ఆనించారు. "నువ్వు చెప్పు. చేయించుకోమంటావా?"

వదిన అడుగు ఆగిపోయింది.

"నేను చెప్పను నాన్నా," అంది, వెనక్కి తిరక్కుండానే. "ఒకసారి చెప్పాను. చాలు."

"అందుకే నిన్ను అడుగుతున్నాను," అన్నారు మామగారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషికి క్షమించమని అడగడం రాదు. ఆ మాట ఆయన పుల్లల్లో లేదు. ఏ మాట మీద భార్యని పోగొట్టుకున్నానని ఇన్నాళ్లూ నమ్మాడో, ఆ మాట తన కళ్ల గురించి మళ్లీ ఆ నోటితోనే చెప్పమంటున్నాడు.

సరిగ్గా అప్పుడే మా ఆయన వచ్చిపడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. మా ముగ్గురి ముఖాలు చూశాడు, చివరి ప్రశ్న విన్నాడు, అక్క పలకట్లేదని గమనించాడు. ఇంకేముంది!

"చేయించుకోమనే అంటోంది నాన్నా! అక్క కూడా అదే..."

ఆయన నోరు నా అరచేత్తో మూసేశాను. నలుగురిలో మొగుడి నోరు మూయడం బాగుండదని ఎవరైనా అంటే అననీండి.

"నిన్నడగలేదురా," అన్నారు మామగారు, గొంతు పెంచకుండా. "నాలుగేళ్లు నువ్వే పలికావు. ఇంక ఊరుకో."

మా ఆయన నా చెయ్యి తీయడానికి ప్రయత్నించలేదు. ముఖం ఎర్రగా కందిపోయింది. కళ్లు కిందికి వాల్చుకున్నాడు. ఆ మనిషి మీద కోపం ఎంతుందో అంత జాలీ వేసింది నాకు. ఎవరూ తెగిపోకూడదనే కదా ఈ వెధవ పని అంతా చేశాడు.

చుట్టూ జనం పది గంటల కోసం కొట్టుకుంటున్నారు. వదిన పలకలేదు. మామగారు తొందరపెట్టలేదు. జవాబు రాకుండా అంతసేపు కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆవిడ వెళ్లిపోతుందనే నాకు గట్టిగా అనిపించింది.

ఆవిడ వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"భయంగా ఉంది నాన్నా," అంది. "నీకేమన్నా అయితే?"

"నాకూ భయమే," అన్నారు మామగారు, గాల్లో ఆవిడ చెయ్యి వెతుక్కుంటూ. "అయితే అవుతుంది. ఈసారి నేనేమీ అనను."

వదిన తన చెయ్యి ఆయన చేతికి అందించింది.

"చేయించుకో," అంది.